వట్టి కాళ్ళ పరుగు



పొయ్యిమీద పప్పు వుడుకుతుండగా ఈ మాటలు వింటున్నవారు ఒక్కసారి తల వంచి మీ పాదాలకేసి చూసుకోండి. పొద్దున లేచింది మొదలు అద్దంలో మొహం ఎన్నిసార్లు చూసుకుంటామో లెక్కలేదు. ఒక్క వెంట్రుక నెరిస్తే నాలుగు రోజులు బెంగపడతాం. పాదాల సంగతి మాత్రం పండుగనాడు పసుపు రాసుకునేటప్పుడో, పగిలిన మడమకు చీర అంచు తట్టుకున్నప్పుడో తప్ప మనకు గుర్తుకు రాదు. ఇంటిల్లిపాదినీ మోసేది మనమైతే, మనల్ని మోసేవి అవే కదా!

ఈ రోజు నేను మీతో పరుగు గురించి, ముఖ్యంగా చెప్పులూ బూట్లూ లేకుండానో, బాగా పలచని చెప్పులతోనో పరుగెత్తడం గురించి మాట్లాడదలచుకున్నాను. నేను డాక్టర్ని కాను, డ్రిల్లు టీచర్నీ కాను. పదో తరగతితో చదువు ఆపి, కేసముద్రంలో కాపురం చేసుకుంటున్న గృహిణిని. మా వారు మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తారు. మరి ఈ విషయం మాట్లాడే అర్హత నాకేమిటంటారా? ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. తప్పు నాది, శిక్ష మాత్రం మా అమ్మాయికి పడింది. మీ ఇళ్ళలో అలా జరగకూడదనే ఈ ముచ్చట.

2022లో మన రాష్ట్రంలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడింది. మా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో వుంది. దరఖాస్తు చేసింది, ఆగస్టులో మొదటి పరీక్ష రాసింది. ఆ తర్వాత దేహదారుఢ్య పరీక్షలుంటాయి. ఆడపిల్లలు 800 మీటర్ల దూరాన్ని 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. దాంతోపాటు లాంగ్‌జంపు, షాట్‌పుట్ కూడా. పరుగులో తప్పితే మిగతావాటి దాకా పోయే పనే లేదు.

సెప్టెంబరులో సాధన మొదలుపెట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, మా వీధిలోని ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలతో కలిసి హైస్కూలు మైదానానికి వెళ్ళేది. వాళ్ళ నాన్న వరంగల్ వెళ్ళి, అడుగు మందంగా మెత్తగా వుండే బూట్లు కొనుక్కొచ్చారు. రెండున్నర వేల రూపాయలు! మాలాంటి వాళ్ళకు అది నెల సామాను ఖర్చు. అయినా పిల్ల భవిష్యత్తు అనుకున్నాం.

నెల తిరక్కుండానే మోకాలికింద ముందువైపు ఎముక పొడుగునా నొప్పి అనడం మొదలుపెట్టింది. రాత్రి నూనె రాసి కాపడం పెడితే తగ్గేది, పొద్దున పరుగెత్తితే మళ్ళీ వచ్చేది. అప్పుడు నేను నోరు జారాను.

"అంత లావు బూట్లు తొడిగితే కాళ్ళు నొయ్యక ఏంజేస్తయి బిడ్డా? మేం బడిల వుండంగ చెప్పులే ఎరుగం. వట్టి కాళ్ళతోనే ఉరికి గెలిచినం. తీసి అవతల పెట్టు" అన్నాను.

అది అబద్ధం కాదు. నేను తొమ్మిదో తరగతిలో వుండగా బడి ఆటలపోటీల్లో 400 మీటర్ల పరుగులో మొదటి బహుమతిగా స్టీలు గిన్నె గెలుచుకున్నాను. ఆ గిన్నెలోనే ఇప్పటికీ మా ఇంట్లో పెరుగు తోడు పెడతాను. మా అమ్మ జన్మలో బూటు తొడగలేదు. నెత్తిన గడ్డిమోపుతో మైళ్ళు నడిచేది. ఆ ధీమాతోనే అన్నాను. పిల్ల కూడా సెల్‌ఫోనులో ఏవేవో వీడియోలు చూసి, "అవునమ్మా, వట్టి కాళ్ళతోనే మంచిదట, దెబ్బలు తగలవట" అంది. మర్నాటి నుంచే బూట్లు మంచం కిందికి పోయాయి.

ఆ అక్టోబరులో వానలకు మైదానం బురదైంది. పెద్ద రోడ్డుకు ఒక పక్కంతా రైతులు మక్కలు ఆరబోశారు. ఇక మిగిలింది వీధిలోని సిమెంటు రోడ్డు. ఆ గట్టి నేలమీద, ఎన్నడూ అలవాటు లేని పాదాలతో, మొదటి రోజునుంచే మూడు నాలుగు కిలోమీటర్లు పరుగెత్తింది. చిత్రమేమిటంటే మొదటి వారం మోకాలికింది నొప్పి తగ్గింది! "చూసినవా, నేను చెప్పలే?" అని నేను గొప్పలు పోయాను. రెండో వారంలో పిక్కలు రాళ్ళలా బిగుసుకున్నాయి. మూడో వారంలో పాదం పైభాగాన, వేళ్ళకు కొంచెం వెనుకగా, వేలితో చూపించగలిగినంత ఒక్కచోట నొప్పి మొదలైంది. కొద్దిగా వాచింది కూడా. అప్పటికి మొదటి పరీక్షలో పాసైనట్టు ఫలితం వచ్చింది. "ఇప్పుడు ఆగితే ఎట్లమ్మా?" అని పళ్ళు బిగబట్టి ఇంకో పది రోజులు పరుగెత్తింది. ఒకనాడు మెట్టు దిగుతూ కాలు మోపలేక కూలబడిపోయింది.

వరంగల్‌లో ఎముకల డాక్టరమ్మకు చూపించాం. ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పెట్టి చూపించారు. పాదంలో రెండో వేలికి వెనుక వుండే పొడుగాటి ఎముకమీద తలవెంట్రుకంత గీత. "విరిగిపోలేదు, బీట తీసింది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మాటెత్తకూడదు" అన్నారు.

పరీక్షలు డిసెంబరు 8 నుంచి మొదలు. మా అమ్మాయి వంతు ఆ నెల మధ్యలో వచ్చింది. అంతకుముందు మైదానంలో 800 మీటర్లు 5 నిమిషాల 5 సెకన్లలో పూర్తిచేసిన పిల్ల, ఆ రోజు పొద్దున మంచంమీద గోడకు తిరిగి పడుకుని వుంది. నేను చాయ్ తీసుకెళితే, "నీ తప్పేం లేదమ్మా, నేను కూడ అట్లనే అనుకున్న కదా" అంది. తిట్టినా బాగుండేది. ఆ హాల్‌టికెట్టు ఇప్పటికీ మా బీరువాలో చీరల కింద వుంది.

ఇక డాక్టరమ్మ చెప్పిన మాటలూ, తర్వాత మేమిద్దరం చదివి, అడిగి తెలుసుకున్న సంగతులూ చెబుతాను.

ఒక పాదంలో 26 ఎముకలుంటాయి, 33 కీళ్ళుంటాయి. కింద వంపు వుంటుంది చూడండి, అది అందానికి పెట్టింది కాదు. అడుగు పడ్డప్పుడు కొంచెం కుంగి, లేచేటప్పుడు తిరిగి పైకి తన్నే స్ప్రింగు అది. మడమ వెనుక లావాటి నరంలా తగిలే బంధనం కూడా అంతే. మనిషి శరీరం దూరం పరుగెత్తడానికి తగినట్టుగానే రూపొందిందని ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు 2004లో వివరంగా రాశారు. అంటే పరుగు మనకు కొత్త కాదు. మెత్తని లావు మడమల బూట్లే కొత్త. అవి బాగా వ్యాప్తిలోకి వచ్చింది 1970ల నుంచే.

ఇప్పుడొక చిన్న పరీక్ష చేద్దాం. పొయ్యి సన్నం చేసి రండి. చెప్పులు విడిచి నేలమీద నిలబడి, వున్నచోటనే మెల్లగా నాలుగుసార్లు గెంతండి. మీ పాదం ముందుభాగం ముందు ఆనుతుంది, మడమ తర్వాత తాకుతుంది. ఎవరూ నేర్పనక్కర్లేదు. అదే మడమలమీద గెంతబోతే తలదాకా అదురుతుంది. ఆ ప్రయత్నం చెయ్యకండి, నా మాట నమ్మండి!

పరుగులోనూ ఇదే సంగతి. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ లీబర్‌మన్, ఆయన తోటివారు 2010లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. చిన్నప్పటినుంచీ వట్టి కాళ్ళతో పరుగెత్తేవారు ఎక్కువగా పాదం ముందుభాగాన్నో, మధ్యభాగాన్నో ముందు ఆనిస్తారనీ, బూట్లవాళ్ళు ఎక్కువగా మడమను ముందు ఆనిస్తారనీ వాళ్ళు గమనించారు. మడమ ముందు పడితే శరీర బరువుకు ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దెబ్బ ఒక్కసారిగా తగులుతుందట. బూటులోని మెత్తదనం దాన్ని కొంత తగ్గిస్తుంది. ముందుభాగం మీద మెల్లగా దిగేవారికి ఆ మొదటి దెబ్బ దాదాపు వుండదు.

ఈ మాట విన్నాక ప్రపంచంలో చాలామంది బూట్లు విసిరేశారు. చేతి గ్లవుసులా అయిదు వేళ్ళుండే పలచని బూట్లు వచ్చాయి. వాటివల్ల పాదాలకు బలం వస్తుంది, దెబ్బలు తగ్గుతాయి అని ప్రకటనలు గుప్పించిన ఒక కంపెనీమీద అమెరికాలో కొన్నవాళ్ళు కేసు వేశారు. ఆ మాటలకు తగిన రుజువు లేదన్నది వాళ్ళ ఫిర్యాదు. 2014లో ఆ కంపెనీ, తప్పు ఒప్పుకోకుండానే, కొన్నవాళ్ళకు డబ్బు తిరిగివ్వడానికి 37 లక్షల 50 వేల డాలర్లు పక్కన పెట్టి రాజీపడింది.

అసలు మా కథకు సరిగ్గా సరిపోయే పరిశోధన ఇంకొకటుంది. అమెరికాలోనే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో, బాగా అలవాటున్న 36 మంది పరుగువాళ్ళను తీసుకుని, కొందరిని పది వారాలమీద పలచని బూట్లకు మార్చారు. 2013లో ఫలితం ప్రచురించారు. మారిన 19 మందిలో 10 మందికి పాదంలో ఏదో ఒక ఎముక లోపల వాపు పెరిగినట్టు స్కానింగులో కనబడింది. ఏళ్ళ తరబడి పరుగెత్తేవాళ్ళు పది వారాలు తీసుకుంటేనే అలా అయింది. మా పిల్ల ఒక్క రోజులో మారిపోయింది, అదీ సిమెంటు రోడ్డుమీద!

కారణం డాక్టరమ్మ తేలిగ్గా అర్థమయ్యేట్టు చెప్పారు. మడమమీద పడే భారం ముందుభాగానికి మారితే, మోకాలి పని కొంత తగ్గి, పిక్క పనీ పాదం ఎముకల పనీ పెరుగుతాయి. భారం ఎక్కడికీ పోదు, చోటు మారుతుంది అంతే. కండ కొన్ని వారాల్లో బలపడుతుంది. ఎముక బలపడటానికి నెలలు పడుతుంది. కొత్త భారం పడ్డప్పుడు ఎముక తనను తాను మరమ్మతు చేసుకుంటుంది. ఆ మరమ్మతు పూర్తికాకముందే మళ్ళీ మళ్ళీ కొడుతూ పోతే బీట తీస్తుంది. "మీరు చిన్నప్పుడు వట్టి కాళ్ళతో పరుగెత్తారు నిజమే. మీ పాదాలు నడక నేర్చిన రోజునుంచీ తయారయ్యాయి. ఈ అమ్మాయి ఎల్‌కేజీ నుంచీ బూట్లలో పెరిగింది. మీ పాదాలు ఆమెకెలా వస్తాయి?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

తర్వాత ఆవిడ ఇంకో ప్రశ్న వేశారు. "నెలసరి సరిగా వస్తోందా?" అని. మా అమ్మాయి నా మొహం చూసి, "రెండు నెలల నుంచి రాలేదండీ" అంది. నాకు తెలియదు! పొద్దున ఏమీ తినకుండా పరుగుకు పోవడం, వచ్చాక ఒక చాయ్, బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేయడం, ఇవన్నీ చూస్తూనే వున్నాను గాని ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు. ఒళ్ళు చేసే పనికి తగినంత తిండి లేకపోతే ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవచ్చు. అప్పుడు ఎముకలు కూడా బలహీనపడతాయి. అలాంటి ఎముకలమీద పరుగు భారం పడితే బీటలు తీసే ప్రమాదం మరీ ఎక్కువ. అమ్మలారా, పరుగు సాధన చేసే ఆడపిల్ల ఇంట్లో వుంటే బూటు ఏ కంపెనీదని అడిగేముందు ఈ ప్రశ్న అడగండి. సిగ్గుపడవలసిన విషయం కాదు. పాలూ పెరుగూ, రాగి జావ, గుడ్డు, పెసలు, పల్లీలు, నువ్వులు, కడుపునిండా అన్నమో జొన్నరొట్టో పెట్టండి. నెలసరి తప్పితే డాక్టరుకు చూపించండి.

అయితే వట్టి కాళ్ళు చెడ్డవా? కానే కాదు. దానికీ రుజువులున్నాయి. మన దేశంలోనే ఇద్దరు డాక్టర్లు, రావుగారూ జోసెఫ్‌గారూ, 4 నుంచి 13 ఏళ్ళ మధ్య వున్న 2300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ప్రచురించారు. చెప్పులూ బూట్లూ తొడిగే పిల్లల్లో నూటికి 8.6 మందికి పాదం వంపు లేక చదునుగా వుంటే, వట్టి కాళ్ళతో తిరిగే పిల్లల్లో నూటికి 2.8 మందికే అలా వుంది. వేళ్ళు మూసుకుపోయే బూట్లు తొడిగేవారిలో ఎక్కువ, చెప్పులవారిలో తక్కువ. కాబట్టి చిన్నపిల్లలు ఇంట్లోనూ, శుభ్రమైన మట్టిలోనూ చెప్పుల్లేకుండా ఆడితే కోప్పడకండి. పాదం తయారయ్యే వయసు అదే.

ఇథియోపియా సైనికుడు అబెబె బికిల పేరు వినే వుంటారు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో 42 కిలోమీటర్ల పైచిలుకు మారథాన్ పరుగును వట్టి కాళ్ళతో పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పూర్తిచేసి బంగారు పతకం గెలిచాడు. ఈ సంగతి అందరూ చెబుతారు. మిగతా సగం ఎవరూ చెప్పరు. నాలుగేళ్ళ తర్వాత 1964లో టోక్యోలో అదే మనిషి బూట్లు తొడుక్కుని పరుగెత్తి, అంతకన్నా తక్కువ కాలంలో, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్ళీ గెలిచాడు! మరి మహిమ ఎక్కడుంది? చెప్పుల్లో లేదు, చెప్పులు విడవడంలోనూ లేదు. ఏళ్ళ తరబడి తయారైన కాళ్ళలో వుంది.

ఇంకో మాట. ఉత్తర కెన్యాలో ఎప్పుడూ వట్టి కాళ్ళతో తిరిగే ఒక తెగవారిని గమనిస్తే, మామూలు వేగంలో పరుగెత్తేటప్పుడు వాళ్ళలో ఎక్కువమంది మడమనే ముందు ఆనించారని 2013లో మరొక పరిశోధనలో తేలింది. అంటే అందరికీ ఒకటే పద్ధతి అని శాసనం లేదన్నమాట. అందరికీ పనికొచ్చే మాట ఒక్కటి చెప్పమంటే, అడుగు చిన్నదిగా వెయ్యడం. అదే వేగంలో అడుగుల సంఖ్యను నూటికి 5 నుంచి 10 దాకా పెంచితే మోకాలిమీదా తుంటిమీదా భారం తగ్గుతుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు 2011లో చూపించారు. కాలు ముందుకు బారచాచి వేయకూడదు. మన ఒంటి కిందనే, చప్పుడు కాకుండా పడాలి. నిద్రపోతున్న చంటిపిల్ల పక్కనుంచి గబగబా వెళ్ళేటప్పుడు మనం ఎలా అడుగులేస్తాం? అలాగన్నమాట. ఇది బూట్లున్నా చెయ్యవచ్చు, పైసా ఖర్చు లేదు.

2023 ఫిబ్రవరిలో డాక్టరమ్మ అనుమతి ఇచ్చాక మా అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. "నువ్వు కూడ రా అమ్మా. ఈసారి ఇద్దరం కలిసి నేర్చుకుందాం" అంది. కాదనలేకపోయాను. మొదటి రోజు చుడీదారు వేసుకుని మైదానంలో అడుగుపెడితే, పాలకు పోతున్న ఒక పెద్దమ్మ ఆగి, "ఏందమ్మా, గీ వయసుల పోలీసు నౌకరికి పోతున్నవా?" అంది. "పోతే మీ ఇంటి ముందే డ్యూటీ వేయించుకుంట పెద్దమ్మా!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నెల తర్వాత ఆవిడ కోడలు కూడా మాతో వచ్చింది.

మేము పాటించిన పద్ధతి చెబుతాను. మొదటి రెండు వారాలు పరుగే లేదు. రోజు మార్చి రోజు, మెత్తని మట్టినేలమీద వట్టి కాళ్ళతో పది నిమిషాలు నడక. మిగతా నడకంతా మామూలు చెప్పులతోనే. ఇంటి దగ్గర మూడు చిన్న పనులు. గోడ పట్టుకుని మడమలు పైకెత్తి మెల్లగా దించడం, పదిహేనుసార్లు. నేలమీద తువ్వాలు పరిచి కాలివేళ్ళతో దగ్గరకు లాక్కోవడం. అన్నం వుడికేలోగా ఒంటికాలిమీద నిలబడటం, ఒక్కో కాలిమీద అర నిమిషం. నవ్వకండి, మొదట నేను పది సెకన్లు కూడా నిలవలేకపోయాను.

మూడో వారంనుంచి ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా అయిదుసార్లు. అదీ రోజు మార్చి రోజు. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత వేగం చాలు. ప్రతి వారం కొంచెమే పెంచాం. నాలుగు వారాలకొకసారి ఒక వారం తగ్గించాం. దూరం పరుగుకు మా అమ్మాయి పాత బూట్లే వాడింది. చివర పది నిమిషాలు మాత్రం విడిచేది. అలా ఆరు నెలలు పట్టింది, సగం పరుగు పలచని బూట్లతో చెయ్యగలగడానికి.

నొప్పి విషయంలో ఒక గుర్తు పెట్టుకోండి. పిక్క అంతా బరువుగా, బిగుసుకున్నట్టు వుండి రెండు రోజుల్లో పోతే భయం లేదు. ఎముకమీద ఒక్కచోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, ముట్టుకుంటే చురుక్కుమనేది, పరుగెత్తేకొద్దీ పెరిగేది అయితే ఆ క్షణమే ఆపాలి. పళ్ళు బిగబట్టడం ధైర్యం కాదు. మా పిల్ల ఆ పది రోజులు ఆగివుంటే ఎముక బీట తీసేదాకా వచ్చేది కాదేమో.

కొందరు వట్టి కాళ్ళ జోలికి అసలు పోకూడదు. మొదట షుగరు వున్నవాళ్ళు. వాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, గాజుపెంకు కోసినా తెలియదు. చిన్న పుండు వేలు తీసేసేదాకా వస్తుంది. షుగరు వున్నవాళ్ళు ఇంట్లో కూడా చెప్పులతో వుండడమే మేలు. పొద్దున మంచం దిగగానే మడమ నొప్పితో కాలు మోపలేనివారు ముందు దాన్ని నయం చేసుకోవాలి. ఎముకలు పలచబడ్డాయని డాక్టరు చెప్పినవారు, గర్భిణులు, మోకీళ్ళు అరిగినవారు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టవద్దు.

చోటు కూడా చూసుకోవాలి. మలమూత్రాలతో పాడైన మట్టిలో కొంకిపురుగులుంటాయి. అవి పాదం చర్మంలోంచి లోపలికి పోయి రక్తం తాగుతాయి, మనకసలే రక్తం తక్కువ. పల్లేరుకాయలూ, తుమ్మముళ్ళూ, పగిలిన సీసాలూ లేకుండా ముందు ఒకసారి నడిచి చూసుకోండి. ధనుర్వాతం సూది మందు సకాలంలో వేయించుకోండి. మన ఎండాకాలంలో ఎనిమిది దాటితే నేల కాలుతుంది. చీకట్లో పాముల భయం వుంటుంది కనుక వెలుతురు వచ్చాకే వెళ్ళండి.

పట్నంలో వుండేవారికి మట్టినేల దొరకదంటారా? పార్కులో మట్టిబాట వుంటే అక్కడ నడవండి. అదీ లేకపోతే ఇంట్లో చెప్పిన ఆ మూడు పనులూ చాలు. అపార్టుమెంటు డాబామీదా గచ్చుమీదా వట్టి కాళ్ళతో పరుగు వద్దు. చెప్పులు కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని వంచి చూడండి. వేళ్ళు వంగేచోట వంగాలి. ముందుభాగం వెడల్పుగా, వేళ్ళు విచ్చుకునేట్టుండాలి. ఎత్తు మడమలు పెళ్ళిళ్ళకే వుంచుకోండి. ఖరీదు ఎక్కువైతే రక్షణ ఎక్కువని మాత్రం అనుకోకండి.

పరుగే కావాలని లేదు. వారానికి 150 నిమిషాలైనా ఒళ్ళు కాస్త చెమటపట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక చాలు. ఇంటిపని చేస్తున్నాం కదా అంటారు. చేస్తున్నాం, నిజమే. కాని ఆ పని ఇంటికోసం. ఈ అరగంట మనకోసం.

మాకు దగ్గరలోనే వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అనే వూరుంది. ఆ వూరి అమ్మాయి జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. ఆ పరుగు 55.82 సెకన్లు. మనం ఒక చాయ్ గ్లాసు కడిగేంత సేపు! దాని వెనుక ఎన్ని సంవత్సరాల సాధన వుంటుందో ఆలోచించండి. ఆ రోజు మా మైదానంలో ఆడపిల్లలందరూ ఆ ముచ్చటే చెప్పుకున్నారు.

మా అమ్మాయి ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతోంది. కిందటి నెల మైదానంలో 800 మీటర్లు 4 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేసింది. మళ్ళీ నోటిఫికేషన్ పడితే సిద్ధంగా వుంటానంటోంది. బూట్లు తొడుక్కుంటావా, విడుస్తావా అని నేను అడగలేదు. ఆమె పాదాల సంగతి ఆమెకు ఇప్పుడు నాకన్నా బాగా తెలుసు. నేను మాత్రం నా పెరుగు గిన్నె చూసినప్పుడల్లా అనుకుంటాను. నేను గెలిచిన మాట నిజమే, కాని ఆ గెలుపుకు తొమ్మిదేళ్ళ వట్టి కాళ్ళ ఆటలు ముందున్నాయి. ఆ తొమ్మిదేళ్ళనూ మూడు వారాల్లో పిల్ల నెత్తిన పెట్టాను.

పిల్లలకు మన అనుభవం చెబుదాం. దానితోపాటు ఆ అనుభవానికి మనకు ఎంత కాలం పట్టిందో కూడా చెబుదాం. ఇక పప్పు అడుగంటకముందే వెళ్ళి చూసుకోండి.